అంగుళాలతో పాటు అనుమానాన్నీ చెప్పండి

అమెరికా ఈశాన్య తీరానికి శీతాకాలపు వాతావరణ సూచనలు తయారు చేసే కార్యాలయాల వారికి, వాటిని టెలివిజన్‌లో వినిపించే వారికి, ఆ సూచనలను బట్టి బడులు, రోడ్లు, రైళ్లు మూయాలో వద్దో నిర్ణయించే అధికారులకు

నమస్కారం.

మసాచుసెట్స్‌లో సముద్రానికి పన్నెండు మైళ్ల లోపల మా ఇల్లు ఉంది. పెరట్లో చెట్టు కొమ్మల కిందికీ చూరు కిందికీ రాని చోట రెండడుగుల చదరపు ప్లైవుడ్ పలకకు తెల్ల రంగు వేసి నేల మీద పరిచి ఉంచాను. మంచు పడిన ప్రతి ఉదయం ఏడు గంటలకు ఆ పలక మీద స్కేలు నిలబెట్టి, అంగుళంలో పదో వంతు దాకా లెక్క చూసి, కోకోరాస్ అనే స్వచ్ఛంద పరిశీలకుల వ్యవస్థకు పంపుతాను. ఆ లెక్క మీ బల్లల మీదికీ వస్తుంది. ముందు రోజు సాయంత్రం మీరు చెప్పినదానికి మరునాటి ఉదయం మార్కులు వేసే పని, ఎవరూ అడగకుండానే, చాలా శీతాకాలాలుగా నేను చేస్తున్నానన్నమాట. ఆ చనువుతోనే ఈ లేఖ రాస్తున్నాను.

మీ సూచన తప్పినందుకు నాకు ఎప్పుడూ కోపం రాలేదు. ఈ తీరంలో అది ఎంత కష్టమైన పనో పలక దగ్గర నిలబడిన ప్రతిసారీ తెలుస్తూనే ఉంటుంది. నా ఫిర్యాదు ఒక్కటే. సూచన తయారయ్యేటప్పుడు మీ మనసులో ఉన్న సందేహం మా దగ్గరికి చేరేలోగా ఎక్కడో ఒకచోట రాలిపోతోంది, కొన్నిసార్లు మీ చేతులతోనే రాల్చేస్తున్నారు.

ఈ లేఖ తెలుగులో ఎందుకు రాశావని మీరు అడగవచ్చు. మీరు ఇంగ్లీషులో ఇచ్చిన సూచన మా ఇళ్లలో తెలుగులోకి మారి, ఫోన్ల మీద తిరుగుతుంది. రెండడుగుల మంచు పడే అవకాశం పది శాతం ఉందని మీరు రాస్తే, మూడు ఇళ్లు దాటేసరికి అది “రేపు రెండడుగుల మంచట” అవుతుంది. మీ పది శాతం ఆ “అట”లో మునిగిపోతుంది. ఆ మాట అందించిన వారిని తప్పుపట్టలేను. మీరిచ్చిన రంగుల పటంలోనే ఆ శాతం ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చినప్పుడు, భయపడిన మనిషి దాన్ని వెతికి మరీ ఎదుటివారికి చెబుతాడని ఆశించడం అత్యాశే.

చిక్కు ఎక్కడుందో మీకు నేను చెప్పనక్కర్లేదు గాని, ఈ లేఖ చదివే మిగతావారి కోసం చెప్పాలి. ఉత్తరాన కెనడా నుంచి దిగే చల్లని పొడి గాలి బరువైనది కనుక అపలాచియన్ కొండలు దాటలేక, వాటి తూర్పు వాలుకు ఆనుకుని దక్షిణానికి జారి అక్కడే పేరుకుంటుంది. కొన్ని వందల మైళ్ల అవతల, సముద్రంలో, గల్ఫ్ స్ట్రీమ్ అనే ప్రవాహం వెచ్చని నీళ్లను మోసుకుపోతూ ఉంటుంది. పక్కపక్కనే ఉన్న ఈ చలికీ వేడికీ మధ్య, పై ఆకాశంలో జెట్ స్ట్రీమ్ అనే వేగమైన గాలి ప్రవాహంలో ఒక వంపు వచ్చి చేరినప్పుడు, కరొలైనాల తీరం దగ్గర అల్పపీడనం పుట్టి, తీరం వెంబడే ఈశాన్యానికి సాగుతూ గంటగంటకూ బలపడుతుంది. దాని ముందు తీరంలో వీచే గాలి ఈశాన్యం నుంచి వస్తుంది కనుక నార్‌ఈస్టర్ అని పేరు వచ్చింది. కేంద్రంలో పీడనం ఒక్క రోజులో 24 మిల్లీబార్లు పడిపోతే శాస్త్రజ్ఞులు దాన్ని బాంబ్ అంటారు. శాండర్స్, గ్యాకమ్ అనే ఇద్దరు పరిశోధకులు 1980లో ఆ లెక్కను 60 డిగ్రీల అక్షాంశానికి కట్టారు. బోస్టన్ అక్షాంశం దగ్గర 18, 19 మిల్లీబార్లు తగ్గినా చాలు. అంటే సముద్రం మీద ఏ శీతాకాలమైనా అలాంటివి పలుమార్లు వస్తూనే ఉంటాయి. టెలివిజన్ వారు ఆ మాటను నోటినిండా పలికే తీరు విన్నప్పుడల్లా, దాన్ని శాస్త్ర పత్రికల్లోనే ఉంచేసి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

తుపాను వస్తుందన్న సంగతిని ఈ రోజుల్లో మీరు నాలుగైదు రోజుల ముందే పట్టుకుంటున్నారు. 1993 మార్చిలో తూర్పు అమెరికానంతా కమ్మేసిన మహా తుపానును ఐదు రోజుల ముందే చెప్పగలిగారు, అప్పటికి అది అపూర్వం. అసలు ఇబ్బంది దాని దారిలో ఉంది. నాన్‌టకెట్ దీవికి దక్షిణంగా 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 70 డిగ్రీల పశ్చిమ రేఖాంశం కలిసే బిందువును ఇక్కడి సూచనకారులు బెంచ్‌మార్క్ అంటారు. తుపాను కేంద్రం ఆ బిందువు మీదుగా పోతే మామూలుగా బోస్టన్‌కు మంచి మంచు పడుతుంది. యాభై మైళ్లు ఇవతలికి జరిగితే సముద్రపు గాలి లోపలికి చొరబడి తీరమంతా వాన అవుతుంది. వంద మైళ్లు అవతలికి జరిగితే మబ్బులు చూసుకుంటూ కూర్చోవలసిందే. వెయ్యి మైళ్లకు పైగా ప్రయాణించే తుపాను దారిలో యాభై మైళ్ల తేడా అంటే, శాస్త్రం ప్రకారం గొప్ప సూచనే. ఆ యాభై మైళ్లలో కొన్ని లక్షల కుటుంబాలు ఉండడమే మీ దురదృష్టం.

దారి సరిగ్గా చెప్పినా పని పూర్తి కాదు. బోస్టన్ రేవులో సముద్రపు నీరు నవంబరు చివర సుమారు 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండి, ఫిబ్రవరి వచ్చేసరికి 4 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. అందుకే ఒకే దారిన వచ్చిన తుపాను డిసెంబరు మొదట్లో తీరం మీద వాన కురిసి, ఫిబ్రవరిలో మంచు కురుస్తుంది. సముద్రపు గాలికీ నేల మీది గాలికీ మధ్య తీరానికి సమాంతరంగా ఒక సన్నని సరిహద్దు ఏర్పడుతుంది. దానికి రెండు వైపులా కొద్ది మైళ్ల దూరంలోనే ఉష్ణోగ్రత ఐదు నుంచి పది డిగ్రీల దాకా మారిపోవచ్చు. అది నేల మీది సంగతి. తలకు మైలు ఎత్తున గాలి ఒకటి రెండు డిగ్రీలు వెచ్చబడినా మంచు రేకు దారిలో సగం కరిగి, కింద ఉన్న చలిలో మళ్లీ గడ్డకట్టి, స్లీట్‌గా కిటికీ అద్దాల మీద టకటక రాలుతుంది. ఆ వెచ్చని పొర ఇంకాస్త మందమైతే రేకు పూర్తిగా కరిగి, వానగా దిగి, తాకిన కొమ్మ మీదా తీగ మీదా గడ్డకడుతుంది. ఒక అంగుళం నీరు మంచుగా పడితే పది అంగుళాలు లేచే చోట, స్లీట్‌గా పడితే రెండు మూడు అంగుళాలకే అణిగిపోతుంది. మీ పటం మీద తేడా ఒక్క డిగ్రీయే. నా పలక మీదికి వచ్చేసరికి అది ఏడెనిమిది అంగుళాలు.

ఒక జనవరి రాత్రి సంగతి చెబుతాను. పదకొండు గంటలకు టార్చి వేసుకుని పెరట్లోకి వెళ్తే, బొటనవేలి గోరంత రేకులు తాపీగా, నిటారుగా దిగుతున్నాయి. పలక మీద నాలుగు అంగుళాలు చేరాయి. అర్ధరాత్రి దాటాక కిటికీ మీద ఆవాలు చల్లినట్టు శబ్దం మొదలైంది. లేచి చూశాను. గాలి తూర్పుకు తిరిగింది, పడుతున్నది స్లీట్. తెల్లవారేసరికి వాన. ఏడు గంటలకు స్కేలు పెడితే రెండున్నర అంగుళాలు ఉంది, అదీ నీరు పట్టి బూడిద రంగుకు తిరిగిన గంజి లాంటి మంచు. పదిహేను మైళ్లు పడమరగా ఉన్న మిత్రుడు అదే సమయానికి పద్నాలుగు అంగుళాల మంచును పారతో ఎత్తిపోస్తూ నాకు ఫొటో పంపాడు. ముందు రోజు సాయంత్రం ఒక స్థానిక టెలివిజన్ చానెల్ పటంలో మా రెండు ఊళ్లూ ఒకే నీలి రంగులో, 8 నుంచి 12 అంగుళాల గడిలో ఉన్నాయి. వానకూ మంచుకూ మధ్య గీత ఈ రెండు ఊళ్ల నడుమ ఎక్కడో ఆగుతుందని ఆ పటం గీసినవారికి తెలియకుండా ఉండదు. చెప్పలేదు, అంతే. ఆ గీత మా ఊరికి పడమరగా వెళ్తే నాకు గంజి, తూర్పున ఆగితే అడుగు మంచు అని ఒక్క వాక్యం చెప్పి ఉంటే, ఇద్దరమూ మా మా ఊళ్లకు తగినట్టు సిద్ధపడేవాళ్లం.

సూచన సరిగ్గా ఉండీ జనం నమ్మకపోతే ఏమవుతుందో ఈ రాష్ట్రం 1978లోనే చూసింది. ఫిబ్రవరి 6, సోమవారం, తెల్లవారకముందే భారీ మంచు మొదలవుతుందని చెప్పారు. తెల్లవారింది, మంచు లేదు. ఈ వాతావరణం వాళ్లు ఎప్పుడూ ఇంతేనని జనం కార్లెక్కి పనులకు వెళ్లిపోయారు. మంచు కొన్ని గంటలు ఆలస్యంగా మొదలై, మర్నాటి దాకా ఆగలేదు. బోస్టన్‌లో 27.1 అంగుళాలు పడింది. సాయంత్రం ఇళ్లకు బయలుదేరిన మూడు వేలకు పైగా కార్లు, ఐదు వందల లారీలు 128వ నంబరు రహదారి మీద మంచులో కూరుకుపోయాయి. ఇంజన్ ఆపకుండా కార్లలోనే కూర్చున్నవారిలో కొందరు కార్బన్ మోనాక్సైడ్‌కు ప్రాణాలు కోల్పోయారు. నాన్నా పులి కథలో పిల్లవాడు అబద్ధమాడాడు. ఇక్కడ ఎవరూ అబద్ధమాడలేదు, పులి కొన్ని గంటలు ఆలస్యంగా వచ్చింది. అంతమాత్రానికే సూచన మొత్తం చెల్లకుండా పోయింది. “ఉదయం నాలుగుకీ పదకొండుకీ మధ్య ఎప్పుడైనా మొదలు కావచ్చు, ఆలస్యమైతే తగ్గినట్టు కాదు” అన్న మాట ఆ ఆదివారం రాత్రి జనం చెవిన పడి ఉంటే ఎన్ని కార్లు గరాజుల్లోనే ఉండేవో అని ఆ రహదారి మీద వెళ్లినప్పుడల్లా నాకు అనిపిస్తూ ఉంటుంది.

2015 జనవరి 26, 27 తేదీల్లో దీనికి సరిగ్గా ఎదురు జరిగింది. న్యూయార్క్ నగరానికి రెండడుగుల వరకూ, కొన్ని చోట్ల అంతకు మించీ పడుతుందన్నారు. మంచు కారణంగా సబ్‌వేను పూర్తిగా ఆపేయడం ఆ నగర చరిత్రలో అదే మొదటిసారి. తెల్లవారి చూస్తే సెంట్రల్ పార్కులో 9.8 అంగుళాలు. తుపాను అనుకున్నదానికంటే కాస్త తూర్పుగా జరిగింది. అదే తుపాను బోస్టన్ మీద రెండడుగులు, వూస్టర్‌లో 34.5 అంగుళాలు కురిసింది. ఒకే సూచన ఒక ఊళ్లో నవ్వులపాలై, నాలుగైదు గంటల ప్రయాణం అవతల ఇంకో ఊళ్లో అక్షరాలా నిజమైంది. న్యూజెర్సీలోని మౌంట్ హోలీ కార్యాలయ అధిపతి ఆ రాత్రే ట్విటర్‌లో ప్రజలకూ, నిర్ణయాలు తీసుకున్న అధికారులకూ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఒక శాస్త్రజ్ఞుడు అంత సూటిగా మాట్లాడడం నాకు గౌరవం కలిగించింది. అయితే ఆయన క్షమాపణ చెప్పవలసిన అవసరం ఎందుకు వచ్చిందో కూడా చూడాలి. ఆ ముందు రోజు, వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్లలో కొన్ని తుపానును తూర్పుగానే చూపించాయి. ముఖ్యంగా అమెరికా వారి మోడల్ ఐరోపా వారి మోడల్ కంటే న్యూయార్క్‌కు తక్కువ మంచు చూపించింది. అంటే సందేహానికి కారణం మీ తెరల మీద కళ్లెదురుగానే ఉంది. ప్రజల ముందుకు మాత్రం పెద్ద అంకె ఒక్కటే వచ్చింది.

ఇక 2017 మార్చి 14 విషయం. ఈ లేఖలో నా అసలు అభ్యంతరం ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాయవలసి వస్తోంది. న్యూయార్క్ ప్రాంతానికి అడుగున్నర దాకా మంచు పడుతుందని బ్లిజర్డ్ హెచ్చరిక ఇచ్చారు. ముందు రోజు సాయంత్రానికే పై గాలి వెచ్చబడుతోందనీ, తీరంలో మంచుకు బదులు స్లీట్ ఎక్కువ కావచ్చనీ మీవారికి అర్థమైంది. అయినా పాత అంకెలను అలాగే ఉంచాలని నిర్ణయించారు. తెల్లవారాక సెంట్రల్ పార్కులో కొలిస్తే 7.6 అంగుళాలు. ముందే తెలిసీ మార్చలేదన్న సంగతిని మీ అధికారి ఒకరు మరునాడు పత్రికల వారితో అంగీకరించారు. చివరి నిమిషంలో అంకె తగ్గిస్తే ప్రమాదం తప్పిపోయిందని జనం అనుకుంటారేమోనన్నది ఆ నిర్ణయానికి కారణంగా చెప్పారు. తగ్గించి చెప్పినా నగరాలూ రాష్ట్రాలూ తీసుకునే చర్యలు అవే ఉండేవని కూడా అన్నారు.

ఆ వాదనలో బలం లేకపోలేదు. రోడ్డు మీద నాలుగు అంగుళాల స్లీట్ పది అంగుళాల మంచు కంటే ప్రమాదకరం కావచ్చు. దాన్ని పార ఎత్తలేదు, ఉప్పు త్వరగా కరిగించలేదు. రాత్రి పదింటికి అంకె మారిస్తే, పడుకున్నవారు పాత మాటతోనే లేస్తారు, మేలుకున్నవారు కొత్త మాటను మరో మూడింతలు తగ్గించి చెప్పుకుంటారు. లోపలి ప్రాంతాలకు మీరు చెప్పింది నిజమే అయింది, బింగమ్టన్ వైపు రెండున్నర అడుగులకు మించి పడింది. ఇవన్నీ ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాక కూడా, మీకు తెలిసినదాన్ని మీరు మార్చలేదన్న వాస్తవం అలాగే మిగిలిపోతుంది. ఎంత మంచు పడుతుందో చెప్పడం మీ పని. ఎంత భయపడాలో కూడా మీరే కొలిచి మా గ్లాసుల్లో పోయనక్కర్లేదు. ఒకసారి మా మంచి కోసమే అంకె పట్టి ఉంచారని తెలిశాక, తరువాతి హెచ్చరిక వచ్చినప్పుడు ఇది లెక్కా, జాగ్రత్త కోసం పెంచిన లెక్కా అని మేం మనసులో తీసివేతలు మొదలుపెడతాం. ఆ తీసివేత నేర్పించినది మీరే అవుతారు. “అంకె తగ్గింది, ప్రమాదం తగ్గలేదు, ఎందుకంటే మంచుకు బదులు స్లీట్ పడబోతోంది” అని ఆ సోమవారం సాయంత్రం చెప్పి ఉంటే మాకు అర్థం కాకుండా ఉండేదా? బడి మాస్టారికి, ట్రక్కు డ్రైవరుకి, నర్సుకి ఆ మాట అర్థం కాదని మీరెలా అనుకున్నారు?

మీ దగ్గర ఇంతకంటే మంచి పనిముట్లు ఉన్నాయి. ఒకే మోడల్‌ను ప్రారంభ స్థితిలో చిన్న చిన్న మార్పులతో పదేపదే నడిపించి, వచ్చిన ఫలితాలన్నీ పక్కపక్కన పెట్టి చూసే పద్ధతి వచ్చి మూడు దశాబ్దాలు దాటింది. ఐరోపా కేంద్రం 51 సార్లు, మీ వ్యవస్థ 31 సార్లు నడిపిస్తుంది. వాటి ఆధారంగానే మీ వెబ్‌సైట్లలో మూడు పటాలు కనిపిస్తాయి: పదింట తొమ్మిది సార్లు ఇంతకు తక్కువ కాదు, ఎక్కువగా అవకాశం ఉన్నది ఇది, పదింట ఒకసారి ఇంత దాకా పోవచ్చు అని. అవి చక్కని పటాలు. మా ఇంట్లో నేను చూసేవి అవే. కాని టెలివిజన్ తెర మీదికి వచ్చేది మధ్య పటం ఒక్కటే, కొన్ని చానెళ్లలో మూడోది ఒక్కటే. ఆకాశం విరిగి పడుతున్నట్టు ఉండే ఆ మూడో పటాన్ని విడిగా చూపించి ప్రకటనల విరామానికి వెళ్లే వారికి ఈ లేఖలో వేరే పేరా రాయడం కూడా దండగ. పది రోజుల ముందే ఏదో ఒక మోడల్ ఒక్క పరుగులో చూపించిన మూడడుగుల పటాన్ని ఫోన్లలో తిప్పేవారి గురించి మాట్లాడినా లాభం లేదు. మీరు రాసే పద్ధతి మారితే వాళ్లకు మసాలా తగ్గుతుంది.

నేను అడిగేది పెద్ద మార్పేమీ కాదు. ఊరి పేరు పక్కన ఒక అంకె ఉన్న ప్రతి చోటా మూడు అంకెలు ఉండాలి, మూడూ ఒకే పరిమాణపు అక్షరాల్లో ఉండాలి. “4, 9, 15” అని రాసి ఉంటే అందులో 9 ఎంత బలహీనమైనదో ఎవరికీ వివరించనక్కర్లేదు. “8, 9, 11” అని ఉంటే నేను పార తీసి గుమ్మం దగ్గర పెట్టుకుంటాను. తొమ్మిది రెండింటిలోనూ ఉంది, మొదటి దానిలో ఎంత తడబడుతోందో రెండో దానిలో అంత గట్టిగా ఉంది. ఆ తేడా మాకు కావాలి. దాంతో పాటు, ఆ వెడల్పుకు కారణం ఒక్క వాక్యంలో చెప్పాలి: దారి తేలకపోవడమా, వాన గీతా, లేక మంచు పట్టీలు ఎక్కడ నిలబడతాయో తెలియకపోవడమా. మూడోదాని గురించి తీరవాసులకు కూడా బాగా తెలియదు. తుపాను వాయవ్య భాగంలో ఇరవై ముప్పై మైళ్ల వెడల్పున సన్నని పట్టీలు కట్టి, వాటి కింద గంటకు రెండు మూడు అంగుళాలు కురిసి, పక్క ఊళ్లో గాలి కిందికి దిగుతూ మబ్బును పలచబరచడం వల్ల దాదాపు ఏమీ పడకపోవడం ఉంది. ఆ పట్టీ ఏ జిల్లా మీద నిలుస్తుందో కొద్ది గంటల ముందు దాకా ఎవరూ చెప్పలేరు. అది చెప్పలేమని చెప్పడం కూడా సూచనే.

వాచ్, వార్నింగ్ అనే రెండు మాటల అర్థం కూడా బయట పెట్టండి. మీ నిబంధనల ప్రకారం వాచ్ అంటే తుపాను వస్తుందని సుమారు యాభై శాతం నమ్మకం, వార్నింగ్ అంటే ఎనభై శాతం. ఈ రెండు అంకెలు వినని ఇళ్లే ఎక్కువ. ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఉంటున్నవారికి కూడా ఏది పెద్దదో గుర్తుండదు. బ్లిజర్డ్ అన్న మాట కూడా అంతే. గంటకు 35 మైళ్ల గాలి, పావు మైలు లోపు కంటిచూపు, ఈ రెండూ మూడు గంటల పాటు కొనసాగడం దాని నిర్వచనం. అందులో ఎన్ని అంగుళాలన్న ప్రసక్తే లేదు. ఎక్కువ మంచు పడితే బ్లిజర్డ్ అని అనుకునేవారు, నాలుగు అంగుళాలే అంటున్నారు కదా అని కారు తీసి, దారి కనబడని తెల్లదనంలో చిక్కుకుంటారు.

కొలతల విషయంలో నా వైపు నుంచీ ఒక మాట. అంగుళాలను మీరు చెప్పేటప్పుడు మంచుకు నీరెంతో కూడా చెప్పండి. పది అంగుళాల మంచుకు ఒక అంగుళం నీరు అన్నది ఉజ్జాయింపు లెక్క మాత్రమే. సున్నా దగ్గర పడే తడి మంచు ఐదారు అంగుళాలకే ఒక అంగుళం నీరు ఇస్తుంది. మేఘంలో ఉష్ణోగ్రత మైనస్ 12కూ మైనస్ 18కీ మధ్య ఉండి, కొమ్మలు కొమ్మలుగా విచ్చుకున్న రేకులు పడితే ఇరవై అంగుళాలకు గాని ఆ నీరు రాదు. ప్లాస్టిక్ గొట్టాన్ని బోర్లించి పలక మీద గుచ్చి, పిండి నుంచి బిళ్ల కోసినట్టు మంచును తీసి, కొలిచి పోసిన గోరువెచ్చని నీళ్లతో కరిగించి, పోసిన నీళ్లను తీసివేసి చూస్తే ఈ తేడా తెలుస్తుంది. ఎనిమిది అంగుళాల పొడి మంచును చీపురుతో ఊడ్చిన రోజులున్నాయి. ఎనిమిది అంగుళాల తడి మంచును ఎత్తి నడుము పట్టేసిన రోజులూ ఉన్నాయి. చెట్టు కొమ్మకూ, కరెంటు తీగకూ, ఇంటి పైకప్పుకూ, పార పట్టే యాభై దాటిన గుండెకూ లోతు కంటే బరువే ముఖ్యం. సూచనలో “తడి, బరువైన మంచు” అని ఒక చోట రాసి ఊరుకోకుండా, ఎన్ని అంగుళాలకు ఎంత నీరన్నది అంకెలో ఇస్తే, అత్యవసరానికి ఎవరిని ముందు పంపాలో కరెంటు కంపెనీల వారికి కూడా తెలుస్తుంది.

కొలిచేవారికి ఓపిక, శిక్షణ కావాలని ఒప్పుకుంటాను. 2016 జనవరి తుపానులో వాషింగ్టన్‌లోని రీగన్ విమానాశ్రయం దగ్గర కొలత పలకే మంచు కింద కనబడకుండా పోయి, అక్కడి 17.8 అంగుళాల లెక్క మీద చర్చ జరిగింది. నా పలక నాలుగు మూలలా కర్రలు పాతి ఉంటాయి. మీ వారికి కావాలంటే ఆ చిట్కా ఉచితం.

చివరగా, బెలూన్ల సంగతి. ఉదయం ఏడింటికి నేను పెరట్లోకి వెళ్లే లెక్కకే దేశమంతటా మీ కార్యాలయాలు పై గాలిని కొలిచే పరికరాలు కట్టిన బెలూన్లు వదులుతాయి, రాత్రి ఏడింటి లెక్కకు మళ్లీ వదులుతాయి. తలకు మైలు ఎత్తున గాలి సున్నాకు పైనా కిందా అన్నది నేరుగా చెప్పగలిగినవాటిలో అవి ముఖ్యమైనవి. కేప్ కాడ్ మీద చాటమ్‌లో ఉన్న కేంద్రం, సముద్రం గట్టును కోసుకుంటూ రావడం వల్ల, 2021 మార్చిలో మూతపడింది. వాన గీత ఎటు తిరుగుతుందో చూడాలంటే ఈ తీరంలో అంతకంటే మంచి చోటు దొరకదు. 2025 మార్చిలో సిబ్బంది చాలక ఆల్బనీలోనూ, మెయిన్ రాష్ట్రంలోని గ్రేలోనూ బెలూన్లు తాత్కాలికంగా ఆగాయి. అంతకు కొద్ది రోజుల ముందు అలాస్కాలోని కోట్జెబ్యూలో ఆగాయి. అలాస్కా మీది గాలికీ మా పెరటి మంచుకూ సంబంధమేమిటని డబ్బు మంజూరు చేసేవారు అడగవచ్చు. ఈ వారాంతంలో మా తీరానికి వచ్చే జెట్ స్ట్రీమ్ వంపు మొన్న అక్కడి నుంచే బయలుదేరి ఉండవచ్చు, అదీ సంబంధం. ఖర్చు తగ్గించే అధికారం మీలో చాలామంది చేతుల్లో లేదని తెలుసు. అయినా బెలూన్ ఎగరని రోజు ఆ సంగతి కూడా సూచనలోనే రాయండి: ఈ రోజు ఫలానా చోట కొలత లేదు, అందువల్ల మా లెక్క ఇంత వెడల్పయింది అని. ఏం పోగొట్టుకుంటున్నారో అప్పుడు ఓటర్లకూ తెలుస్తుంది.

ఇంకొక్క పని చేయండి. ప్రతి పెద్ద తుపాను వెళ్లిపోయిన వారంలోగా, మేం చెప్పింది ఇది, పడింది ఇది, తేడా ఇందుకు వచ్చింది అని, ఏ ఊరి సంగతి ఆ ఊరికి, మామూలు మాటల్లో ఒక పేజీ వెయ్యండి. సూచన నిజమైన రోజున కూడా వెయ్యండి, 2015లో బోస్టన్‌కు మీరు చెప్పింది ఎంత సరిగ్గా జరిగిందో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. ఆ పేజీలో మా ఊరి పక్కన వేసుకోవలసిన అంకె మాత్రం ఆ ఉదయం ఏడింటికే మీకు పంపి ఉంటాను.

ఇట్లు,
తీరానికి పన్నెండు మైళ్ల లోపలి నుంచి,
ఒక స్వచ్ఛంద పరిశీలకుడు